పాత దిగుబడులు: జ్ఞాపకాన్ని అడిగే తీరు మారాలి

సంపాదకులకు నమస్కారం.

చేపలు తగ్గాయనో, తేనె దొరకడం లేదనో, అడవిలో వంటచెరకు కూడా కరువైందనో చెప్పే వార్తల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: 'ముప్పై ఏళ్ల కిందట ఇంతకు పదింతలు దొరికేదని పెద్దలు చెబుతున్నారు.' దానికి వచ్చే జవాబు కూడా మామూలే. రికార్డు లేదు కనుక అదంతా కాకిలెక్క అంటారు. రెండూ తొందరపాటు మాటలే. జనం జ్ఞాపకాల నుంచి పాత దిగుబడిని అంచనా కట్టే పద్ధతులు ఉన్నాయి. ఆ పద్ధతుల్లో తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా చాలావరకు తెలుసు. ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికి, వచ్చిన అంకెలను అచ్చువేసేవారికి ఉపయోగపడుతుందని ఈ ఉత్తరం రాస్తున్నాం.

జ్ఞాపకాన్ని కొట్టిపారేస్తే ఏమవుతుందో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప విషయంలో తేలిపోయింది. ఒడ్డుకు దగ్గరలో చిన్న పడవలపై వేటాడేవారు చేప తగ్గుతోందని 1980లలోనే మొత్తుకున్నారు. అధికారిక అంచనాలేమో లోతు సముద్రంలో పెద్ద వలలు లాగుతూ తిరిగే ట్రాలర్ల పట్టుబడి మీద, పరిశోధన నౌకల సర్వేల మీద ఆధారపడ్డాయి. మిగిలిన గుంపులను ట్రాలర్లు వెతికి మరీ పట్టుకోగలవు. అందువల్ల వాటి లెక్కల్లో కాడ్ బాగా ఉన్నట్టే కనిపించింది. చివరికి 1992 జులైలో వేటను ఆపేయాల్సి వచ్చింది. రికార్డులు ఉన్నచోట కూడా అవి నిండుగా ఉంటాయన్న హామీ లేదు. ప్రపంచ సముద్ర చేపల పట్టుబడి 1996లో 8.6 కోట్ల టన్నులని దేశాలు పంపిన అధికారిక లెక్కలు చెబుతున్నాయి. చిన్న పడవల వేట, ఇంటి తిండికి వాడుకున్నది, సముద్రంలో పారేసింది కూడా కలిపి మత్స్య శాస్త్రవేత్తలు డేనియల్ పాలీ, డిర్క్ జెల్లర్ 2016లో తిరిగి లెక్కగట్టారు. అదే ఏడాదికి దాదాపు 13 కోట్ల టన్నులు తేలింది.

అలాగని జ్ఞాపకాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవడానికీ లేదు. ఒక్కో తరం తాను పనిలోకి దిగిననాడు చూసిన స్థితినే 'మామూలు' అనుకుంటుందని పాలీయే 1995లో గుర్తుచేశారు. తాత నాటి సమృద్ధి మనవడి లెక్కలోకి రాదు. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో మూడు తరాల మత్స్యకారులను అడిగి 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఇది స్పష్టంగా బయటపడింది. ఒకప్పుడు దండిగా ఉండి ఇప్పుడు కరువైన జాతులు ఏవని అడిగితే, యువకులు చెప్పినదానికి ఐదు రెట్ల పేర్లు వృద్ధులు చెప్పారు. తమ జీవితంలో అత్యుత్తమమైన ఒక్క రోజున పట్టిన గల్ఫ్ గ్రూపర్ చేపల సంఖ్యలో తేడా 25 రెట్ల దాకా ఉంది. చైనాలోని యాంగ్‌ట్సీ నది వెంట చేసిన అధ్యయనంలోనైతే, ఆలస్యంగా వృత్తిలోకి వచ్చిన చాలామందికి ఆ నదిలో ఒకప్పుడు ఉన్న భారీ చేప ప్యాడిల్‌ఫిష్ పేరే తెలియదు. కాబట్టి ఏ వయసువారిని అడిగారన్నది మొదటి ప్రశ్న. యువకులనే అడిగితే తగ్గుదల కనిపించదు.

వృద్ధులనే అడిగితే ఇంకో చిక్కు. 'మీ జీవితంలో బాగా పడిన రోజు' అన్న ప్రశ్నకు జవాబు బాగా గుర్తుంటుంది, నిజమే. కానీ నలభై ఏళ్లు వేటాడినవాడికి అలాంటి రోజు తగిలే అవకాశం నాలుగేళ్లు వేటాడినవాడికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చేప ఏమాత్రం తగ్గకపోయినా వృద్ధుడి అంకే పెద్దదిగా ఉంటుంది. దీనికి మందు తేలికే: అందరినీ వారి మొదటి ఐదేళ్లలో బాగా పడిన రోజు గురించే అడగాలి. మొత్తం వృత్తిలో అత్యుత్తమమైన రోజు ఏ కాలంలోదో కూడా విడిగా అడిగి రాసుకోవాలి. తగ్గుదల లేకపోతే అత్యుత్తమ రోజులు వృత్తి మొదటి సగంలోనూ రెండో సగంలోనూ ఇంచుమించు సమానంగా పడాలి. అరవై మందిలో యాభై మందికి అవి మొదటి సగంలోనే ఉంటే ఆలోచించాల్సిందే. అప్పుడు కూడా ఒక జాగ్రత్త అవసరం. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసు మధ్య జరిగినవి మనుషులకు మిగతా వయసు కంటే గట్టిగా గుర్తుంటాయి. అందుకే ఫొటోలు ఎక్కడ దొరికినా వదలకూడదు. అమెరికాలోని కీ వెస్ట్‌లో సరదా వేటకు వెళ్లినవారు తాము పట్టిన చేపలతో దిగిన పాత ఫొటోల నుంచి కొలతలు తీసిన అధ్యయనం 2009లో వచ్చింది. 1956లో సగటున 19.9 కిలోలున్న చేప 2007 నాటికి 2.3 కిలోలకు పడిపోయినట్టు తేల్చింది.

అసలు తప్పు ఎక్కువగా జరిగేది ప్రశ్నలోనే. 'ఆ ఏడాది మొత్తం ఎంత దొరికింది?' అని అడుగుతారు. ఏడాది మొత్తాన్ని ఎవరూ మనసులో పెట్టుకోరు. అడిగారు గనుక, గుర్తున్న బాగా దొరికిన రోజును పట్టుకుని దాన్ని పెంచి ఏదో ఒక అంకె చెబుతారు. మనిషికి మొత్తాలు గుర్తుండవు, ముక్కలు గుర్తుంటాయి. ఏ నెలల్లో వెళ్లేవారు, వారానికి ఎన్ని రోజులు, పోటు పెట్టినప్పుడో పండుగకో మానేసేవారా, ఎన్ని వలలు వేసేవారు, గంప ఎంత నిండేది, ఇవన్నీ నిలకడగా చెప్పగలరు. ఆ ముక్కలను అడిగి గుణకారం మనం చేసుకోవాలి.

గింజలతో అడగడం చాలా చోట్ల బాగా పనిచేస్తుంది. బాగా పడిన రోజు ఎంత, మామూలు రోజు ఎంత, దాదాపు ఖాళీ రోజు ఎంత అని విడివిడిగా రాసుకోవాలి. తర్వాత పది గింజలు చేతికిచ్చి, పది రోజులు వెళ్తే ఈ మూడు రకాల రోజులు ఎన్నెన్ని వచ్చేవో మూడు కుప్పలుగా పెట్టమనాలి. ఉదాహరణకు బాగా పడిన రోజు 40 కిలోలు, మామూలు రోజు 12, ఖాళీ రోజు 2 అనుకుందాం. కుప్పలు వరుసగా 2, 5, 3. మొత్తం 80, 60, 6 కలిపి 146 కిలోలు, అంటే రోజుకు సగటున 14.6 కిలోలు. సీజనులో 120 రోజులు వెళ్తే 1,752 కిలోలు. అదే మనిషిని 'ఆ రోజుల్లో రోజుకు ఎంత పడేది?' అని నేరుగా అడిగితే 40 అనే చెబుతాడు. అప్పుడు సీజనుకు 4,800 కిలోలు, అంటే రెండున్నర రెట్ల పైమాటే. మనిషి అబద్ధమాడలేదు. ఖాళీ చేతులతో తిరిగొచ్చిన రోజుల గురించి ఎవరూ అడగలేదు, అంతే.

కాలాన్ని పట్టుకోవడం తర్వాతి పని. 1987లో ఏం జరిగిందంటే ఎవరికీ తెలియదు. పెద్ద వరద ముందా తర్వాతా, వంతెన కట్టకముందా, మొదటి బిడ్డ పుట్టాకా, పడవకు ఇంజను పెట్టిన ఏడా అంటే చప్పున చెబుతారు. సర్వే మొదలుపెట్టక ముందే నలుగురైదుగురు పెద్దలతో కూర్చుని ఇలాంటి గుర్తులతో ఒక పట్టిక వేసుకోవాలి. వరద, తుపాను, ఎన్నిక లాంటివాటి తేదీలను బయటి రికార్డులతో సరిపోల్చుకోవాలి. ఇంటి సంగతులను ఆ పట్టికలోకి ఎక్కించాలి. ఇది లేకపోతే జ్ఞాపకం జారుతుంది. మనం అడిగిన కాలానికి, అంటే గడువుకు, బయట జరిగిన పెద్ద సంఘటనలను గడువులోకి లాక్కురావడం మనిషి స్వభావం. 1964లో గణాంక నిపుణులు నెటర్, వాక్స్‌బర్గ్ దీన్ని ఖర్చుల సర్వేలో కొలిచి, ముందుసారి చెప్పింది గుర్తుచేసి ఆ తర్వాతి కాలాన్నే అడగడం అనే ఉపాయాన్ని పరీక్షించారు. గడువు పొడవు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. అమెరికాలో వేట, చేపల వేటపై జరిగే జాతీయ సర్వేలో ఏడాది పొడుగునా గుర్తుచేసుకోమనడం వల్ల వేటకు వెళ్లిన రోజుల లెక్క పెరిగిపోతోందని గ్రహించి, 1991లో గడువును తగ్గించారు. దాంతో అంతకుముందు సర్వేలతో నేరుగా పోల్చే వీలు లేకుండా పోయింది. ఒకే వరుసలో చూపే అంకెలు ఒకే గడువుతో అడిగినవేనా అన్నది చూడకుండా 'తగ్గుదల' అని శీర్షిక పెట్టకూడదు.

గుండ్రని అంకెల సంగతి కూడా చెప్పాలి. జవాబులను ఒక గీతపై చుక్కలుగా పెడితే 10, 20, 50, 100 దగ్గర కుప్పలు పడతాయి. వాటిమధ్య ఖాళీగా ఉంటుంది. ఇది నేరం కాదు గానీ, అలాంటి జవాబుల నుంచి వచ్చిన సగటును 47.3 అని దశాంశంతో రాయడం మోసమే. మనం ఒక అంకెను ముందు పలికితే జవాబులు దాని చుట్టూనే తిరుగుతాయి. 'ఓ యాభై కిలోలు పడేవా?' అని అడగకూడదు. 'అప్పట్లో బాగా దొరికేవి కదా?' అన్నది అంతకన్నా చెడ్డ ప్రశ్న. సగం మందిని ఇప్పటి నుంచి వెనక్కి, మిగతా సగం మందిని అప్పటి నుంచి ముందుకు అడిగితే, అడిగిన వరుస వల్ల ఎంత తేడా వస్తోందో తెలిసిపోతుంది.

ఇక కొలతలు. మా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ పెట్టేది ఇక్కడే. గంప, మోపు, కావడి, కుండ అని జనం చెబుతారు. రాసుకునేవాడు అక్కడికక్కడే 'గంప అంటే 20 కిలోలు' అని మార్చి రాసేస్తాడు. ముప్పై ఏళ్ల కిందటి గంప ఇప్పటి గంపంత ఉండాలని లేదు. పాతది అటక మీద దొరికితే దానిలో ధాన్యం పోసి పరిమాణం కొలవాలి. దొరకకపోతే అల్లినవారి చేత అదే కొలతతో అల్లించాలి. నింపేటప్పుడు కనీసం పదిసార్లు నింపి పదిసార్లూ తూచాలి. ఒక్కసారి తూచితే సరిపోదు, ఎందుకంటే అంచుదాకా నింపేవారు కొందరు, గోపురంగా పేర్చేవారు కొందరు. పచ్చి చేపా, ఎండు చేపా, పొట్ట తీసిందా. తేనె మైనంతో కలిపా, వడకట్టిందా. కట్టె పచ్చిదా, ఎండిందా అన్నది ప్రతిసారీ అడగాలి. పచ్చికీ ఎండుకీ మధ్య తేడా రెండు మూడు రెట్లు దాటే సందర్భాలు ఉన్నాయి. ఇంత పెద్ద తప్పును ఎంతమందిని అడిగినా సరిదిద్దలేం.

గుణకారంలో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. నలుగురు ఎక్కే పడవలో ఒక్కొక్కరినీ 'ఎంత పట్టారు?' అని అడిగితే నలుగురూ పడవ మొత్తం పట్టుబడే చెబుతారు. ఆ నలుగురినీ విడివిడిగా కూడితే లెక్క నాలుగింతలవుతుంది. కొందరు తమ వాటా మాత్రమే చెబుతారు. రెండూ కలిసిపోతే ఎవరూ విడదీయలేరు. అందుకే 'పడవ మొత్తం ఎంత, ఎంతమంది ఎక్కారు, మీ వాటా ఎంత' అని మూడూ అడగాలి. ఇంటికి తెచ్చుకున్నది, చుట్టాలకు పంచింది, ఎరకు వాడింది, పారేసింది 'దిగుబడి' కాదని చాలామంది అనుకుంటారు. వీటిని పేరుపేరునా అడిగితే తప్ప బయటికి రావు. ఆడవాళ్లు, పిల్లలు ఒడ్డున ఏరుకునే గుల్లలు, పీతలు, అడవి అంచున కోసుకొచ్చే ఆకు, కాయ మగవాళ్ల జవాబుల్లో ఉండవు. ఇంటి పెద్దనే అడిగే సర్వేలు ఆ భాగాన్ని పూర్తిగా పోగొట్టుకుంటున్నాయి. ఆ పని చేసినవారినే అడగాలి.

ఒక మనిషి దిగుబడి తేలాక దాన్ని ఎంతమందితో గుణించాలన్నది మిగులుతుంది. ఇందులో జ్ఞాపకం బాగా ఉపయోగపడుతుంది. ఐదారుగురు పాతవారిని రేవుకు తీసుకెళ్లి, పెద్ద వరద ఏట ఎక్కడెక్కడ ఎవరెవరి పడవ కట్టి ఉండేదో యజమాని పేరుతో సహా చెప్పమంటే, ఒకరినొకరు సరిదిద్దుకుంటూ జాబితా పూర్తి చేస్తారు. కిలోల విషయంలో తడబడినవారే పడవల విషయంలో గట్టిగా నిలబడతారు. కిలోల గురించి మాత్రం గుంపులో అడగకూడదు. గొంతు పెద్దదైన ఒకరి అంకే అందరి అంకె అవుతుంది. ముందు ఒక్కొక్కరినీ విడిగా అడిగి, ఆ తర్వాతే అందరినీ కూర్చోబెట్టాలి.

దిగుబడితోపాటు శ్రమ కూడా రాయకపోతే అంకె అర్థం ఇవ్వదు. అప్పుడు ఐదు వలలు ఆరు గంటలు వేస్తే 12 కిలోలు, ఇప్పుడు ఇరవై వలలు పది గంటలు వేస్తే 12 కిలోలు అనుకోండి. దిగుబడి మారలేదని రాయొచ్చు. ఒక వలకు ఒక గంటకు లెక్కేస్తే అప్పుడు 0.4 కిలో, ఇప్పుడు 0.06 కిలో. అంటే ఏడో వంతుకు పడిపోయింది. వలకన్ను చిన్నదైందా, ఇంజను వచ్చిందా, దూరం పెరిగిందా, ఇదివరకు వదిలేసే జాతులను ఇప్పుడు తెస్తున్నారా అన్నవి ప్రశ్నపత్రంలో చివరి పేజీకి నెట్టేయకుండా దిగుబడి పక్కనే ఉండాలి.

ఎవరు దొరికారు, ఎందుకు మాట్లాడుతున్నారు అన్నది మరో సంగతి. గిట్టుబాటు కాక వృత్తి మానేసినవారు ఇప్పుడు రేవులో ఉండరు. ఉన్నవారు నేర్పరులు, లేదా పెద్ద పడవలున్నవారు. వారినే అడిగితే ఇప్పటి సగటు పైకి పోయి, తగ్గుదల చిన్నదిగా కనిపిస్తుంది. మానేసినవారిని వెతికి అడగడానికి రోజులు కేటాయించాలి. నష్టపరిహారం వస్తుందని విన్నవారు పాత దిగుబడిని పెంచి చెబుతారు. నిషేధం వస్తుందని భయపడేవారు ఇప్పటి దిగుబడిని తగ్గించి చెబుతారు. వారిని తప్పుపట్టడం కన్నా, అడుగుతున్నది ఎవరో, ఎందుకో ముందే స్పష్టంగా చెప్పడం మంచిది. నిషిద్ధ జాతుల విషయంలో జాబితా పద్ధతి వాడొచ్చు. ఒక గుంపుకు మామూలు పనులు నాలుగు, ఇంకో గుంపుకు అవే నాలుగుతోపాటు నిషిద్ధమైనది ఒకటి చూపి, 'ఇందులో ఎన్ని చేశారు' అని సంఖ్య మాత్రమే చెప్పమంటారు. మొదటి గుంపు సగటు 1.9, రెండోది 2.3 అయితే, తేడా 0.4, అంటే దాదాపు నూటికి నలభై మంది ఆ పని చేశారన్నమాట. ఎవరు చేశారో అడిగేవారికి కూడా తెలియదు. కానీ గుంపుకు వందల్లో మనుషులు ఉంటేనే ఈ తేడాను నమ్మొచ్చు. ఎన్ని కిలోలన్నది ఈ పద్ధతిలో తేలదు.

చివరిగా సరిచూసుకోవడం. ఇది లేని అంచనా అచ్చుకు పనికిరాదని మా అభిప్రాయం. ఒక ముప్పై ఇళ్లలో ఏడాదిపాటు రోజువారీ తూకం రాయించి, ఏడాది ముగిశాక అవే ఇళ్లను జ్ఞాపకం మీద అడగాలి. తూకంలో 300 కిలోలు, జ్ఞాపకంలో 390 వస్తే జ్ఞాపకం 1.3 రెట్లు చెబుతోందన్నమాట. సగటు 1.3 అయినా ఒకరు 0.6, మరొకరు 3 చెబుతున్నారేమో కూడా చూడాలి. మడగాస్కర్‌లో క్రేఫిష్ (రొయ్య లాంటి మంచినీటి జీవి), కట్టె లాంటివి సేకరించేవారిపై 2008లో ప్రచురించిన అధ్యయనం ఇలాగే పోల్చి చూసి, జాగ్రత్తగా అడిగితే పరిమాణం, శ్రమ విషయంలో ఇంటర్వ్యూలను నమ్మొచ్చని చెప్పింది. అయితే నిన్నటి ఏడాదికి తేలిన 1.3ను ముప్పై ఏళ్ల కిందటికి అలాగే అంటగట్టకూడదు. పాతకాలానికి కొనుగోలుదారుల చిట్టాలు, సహకార సంఘాల తూకం పుస్తకాలు, లైసెన్సు రిజిస్టర్లు వెతకాలి. ఒకటి రెండు ఏళ్లకు దొరికినా చాలు.

ఎంత తేడా ఉండొచ్చో చూపడానికి పెద్ద గణితం అక్కర్లేదు. అరవై మంది జవాబులుంటే అరవై చీటీలు వేసి, ఒకటి తీసి, రాసుకుని, మళ్లీ డబ్బాలో వేసి, అలా అరవైసార్లు తీసి మొత్తం కట్టాలి. దీన్ని కంప్యూటరు చేత వెయ్యిసార్లు చేయించి, పైనున్న 25, కిందున్న 25 ఫలితాలు వదిలేస్తే మిగిలిన హద్దులే మన అంచనా. 1,752 అని రాయకుండా 'ఇంత నుంచి ఇంత వరకు' అని రాయాలి. ఈ చీటీల ఆట మనుషుల మధ్య తేడాలను మాత్రమే చూపుతుంది. అందరూ ఒకేవైపు పొరబడితే దీనికి తెలియదు. ఐదు వందల మందిని అడిగామన్న ధీమా అక్కడ ఉపయోగపడదు.

పత్రికలకు ఒక విన్నపం. జ్ఞాపకాల నుంచి వచ్చిన అంకె ఏదైనా వేస్తే, ఎంతమందిని అడిగారు, ఏ వయసువారిని, ఎంత గడువు గురించి, దేనితో సరిచూశారు అన్నది పక్కనే ఒక్క వాక్యంలో వేయండి. సర్వేలు చేసేవారికి ఇంకొకటి: 'పెద్ద గంపతో మూడు, గోపురంగా' అని మనిషి అన్నది అన్నట్టే కాగితం మీద ఉంచండి. కిలోలను పక్క గడిలో విడిగా రాయండి. గంప బరువు తప్పని రేపు తేలితే ఆ గడి ఒక్కటి మార్చుకోవచ్చు. ఇంజను పడవలు రాకముందు తెడ్డు వేసినవారు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లవారు. వాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి అడిగే అవకాశం అన్నివేళలా ఉండదు.

ఇట్లు,
సహజ వనరుల సర్వేల్లో పనిచేస్తున్న కొందరం